నెల తప్పినవాళ్లు

దోసలంక జంక్షన్ శ్మశానంలో ఎవరికీ పేరు లేదు, అంకెలే ఉన్నాయి. ప్రతి పాత సమాధి తలవైపూ మూరెడు రైలుపట్టా ముక్క నిలువుగా పాతి, దాని మీద ఉలితో పైన ఒక అంకె, కింద ఒక అంకె, మధ్యలో అడ్డగీత కొట్టి ఉంటాయి. 19/4. 23/7. 26/11. ఊళ్లో ఎవరినైనా అడగండి, పైది తేదీ, కిందది నెల అని చెబుతారు. సంవత్సరం ఎందుకు వెయ్యలేదంటే చోటు చాలక అంటారు. రైలుపట్టాకి చోటు చాలకపోవడమేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

జంక్షన్ అని పేరే గాని, కలవడానికి వచ్చిన రెండో లైను ఎప్పుడో లేచిపోయింది. ఒకప్పుడు విజయవాడ నుంచి వచ్చే బొగ్గింజన్లన్నీ ఇక్కడ ఆగి నీళ్లు తాగేవట. ఆ నీళ్ల కోసం ఒక చెరువు, చెరువు కోసం కాపలా, కాపలావాళ్ల కోసం క్వార్టర్లు, క్వార్టర్ల పిల్లల కోసం ఒక బడి, ఇలా ఒకదాని వెనక ఒకటి పుట్టి ఊరైంది. డీజిలు ఇంజన్లు వచ్చాక వాటికి దాహం లేకపోయింది. రైల్వేవాళ్లు సామాను సర్దుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. క్వార్టర్లలో ఇప్పుడు తుమ్మమొక్కలు కాపురం ఉంటున్నాయి. మిగిలింది నిమిషం సేపు ఆగే నాలుగు పాసింజర్లు, చేపలవాళ్లు, శ్మశానం.

నాగమల్లేశ్వరి స్టేషను బయట రేకుల షెడ్డులో ఎండుచేపలు అమ్ముతుంది. ఆమెకి యాభై మూడేళ్లు. ఆమె తండ్రి కొండలయ్య పోయి కూడా యాభై మూడేళ్లే. ఆయన రైల్వే గ్యాంగులో మనిషి. పట్టాలు సరిచెయ్యడం, కంకర ఎగదొయ్యడం ఆయన పని. భార్య పెద్దింట్లమ్మ ఏడో నెల రాగానే పురిటికని సముద్రం ఒడ్డున పుట్టింటికి వెళ్లింది. జూలై ఇరవై మూడున మొగుడు పోయాడన్న కబురు ఆమెకి చేరేసరికి వానలకి దారులు మునిగిపోయి ఉన్నాయి. గ్యాంగువాళ్లే పూడ్చిపెట్టారు. చంటిపిల్లని ఎత్తుకుని ఆమె దోసలంకలో రైలు దిగేనాటికి గ్యాంగు మొత్తాన్ని ఇంకెక్కడికో మార్చేశారు. సమాధి ఏదో చూపించే మనిషి లేడు. పెద్దింట్లమ్మకి చదువు రాదు. ఒక పోర్టరుని బతిమాలి వెంటబెట్టుకుని, వరసగా పట్టా ముక్కల మీద అంకెలు చదివించుకుంది. ఆ పోర్టరు నోటి నుంచి ఇరవై మూడు, ఏడు అన్న మాట రాగానే అక్కడే కూలబడి ఏడ్చింది. నాగమల్లేశ్వరికి ఆ రోజు నుంచి నాన్న అంటే ఆ ఇనప ముక్కే.

రైలుపట్టాకి చెవి ఆనిస్తే రెండు స్టేషన్ల అవతల వస్తున్న రైలు వినిపిస్తుందని ఆ ఊరి పిల్లలందరికీ తెలుసు. చిన్నప్పుడు నాగమల్లేశ్వరి సమాధి మీది పట్టాకి చెవి ఆనించి అలాగే వినేది. ఏదో వినిపించేది కూడా. గాలో, కాలవ నీళ్లో, ఎవరో దూరంగా దగ్గిన చప్పుడో. అమ్మ ఏమిటే అంటే, నాన్న వస్తున్నాడు గాని లేటు అని చెప్పేది.

పెద్దయ్యాక వినడం మానేసి చెప్పడం మొదలుపెట్టింది. ఏటా జూలై ఇరవై మూడున చేపల పులుసు, అన్నం వండి విస్తరిలో పెట్టి, దీపం వెలిగించి, ఆ ఏడాది సంగతులన్నీ పూస గుచ్చినట్టు చెప్పేది. పెళ్లి కుదిరిన సంగతి చెప్పింది. కొడుకు రాంబాబుకి టైఫాయిడ్ తగ్గిన సంగతి, వాడు ఆటో కొన్న సంగతి చెప్పింది. ఇరవై ఏళ్ల కిందట తల్లి పోయినప్పుడు ఆమెని 23/7 పక్కనే పూడ్పించి, "నాన్నా, అమ్మని నీ దగ్గరికి పంపేశాను, జాగ్రత్తగా చూసుకో" అని చెప్పి ఇంటికొచ్చింది.

ఆ శ్మశానంలో కాలవగట్టు వైపు ఇంకో వరస ఉంది. తొమ్మిది సమాధులు. వాటి మీద 20/13, 24/14, 21/16, ఇలాంటి అంకెలుంటాయి. పదహారో నెల ఏ పంచాంగంలో ఉంది గనక? వాళ్లు ఎప్పుడు పోయారో ఎవరికీ తెలియదు, ఎప్పుడు దీపం పెట్టాలో తెలియదు, అందుకని ఎవరూ పెట్టలేదు. ఊరు వాళ్లని నెల తప్పినవాళ్లు అనేది. ఆడవాళ్లు ఆ మాట అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. నాగమల్లేశ్వరీ నవ్వింది, ఒక్కసారి కాదు, వందసార్లు.

ఈ వానాకాలం మొదట్లో స్టేషను గోడకి ఒక కాగితం అంటించారు. కొత్తగా ఇంకో లైను వేస్తున్నారు, శ్మశానం దాని దారిలో ఉంది. కాలవ అవతల వేరే స్థలం ఇస్తారు. తమవాళ్ల సమాధి ఫలానాదని జూలై నెలాఖరులోగా రాసిచ్చినవాళ్లకి అక్కడ విడిగా చోటు. ఎవరూ అడగనివాటిని తవ్వి ఒకే గుంటలో పెడతారు. ఒక ఆధార్ కార్డుకి ఒక సమాధి.

ఆ కాగితాలు నింపిపెట్టే పని వెంకటేశ్వరరావు మాస్టారి మీద పడింది. ఆయన రైల్వే బడిలో ఆఖరి పంతులు. బడి మూసేశాక కూడా ఊరు వదలకుండా, పన్నెండేళ్లుగా దోసలంక చరిత్ర రాస్తున్నాడు. ఊళ్లో చరిత్ర కంటే ఆయన నోటుబుక్కులే ఎక్కువని ఎగతాళి చేసేవాళ్లు. నాగమల్లేశ్వరి తన కార్డు మీద 23/7ని, రాంబాబు కార్డు మీద తల్లి సమాధిని రాయించింది. కొత్త చోట ఇద్దరినీ పక్కపక్కనే పెట్టించాలని ఆమె కోరిక. కాగితాలు నెలాఖరున ఒక్కసారే ఆఫీసులో ఇస్తానని మాస్టారు బల్ల సొరుగులో దాచాడు.

ఇది జరిగిన వారానికి నాగమల్లేశ్వరి విజయవాడ బయలుదేరింది. భవానీపురంలో తిరుమల అనే ఆమెకి నెలకోసారి ఎండురొయ్యలు ఇచ్చి రావడం ఆమెకి అలవాటు. సన్నగా జల్లు పడుతోంది. విజయవాడ చేరే ముందు పాసింజరు అలవాటు ప్రకారం సిగ్నలు దగ్గర ఆగి, ఆగి, నడవనా వద్దా అన్నట్టు కదిలింది. కిటికీ పక్క కూర్చున్న ఆమెకి కునుకు పట్టీ పట్టకుండా ఉంది. కరెంటు స్తంభాలు ఒక్కొక్కటే ముఖం మీదికొచ్చి వెనక్కి పోతున్నాయి. స్తంభం స్తంభానికీ ఒక చిన్న పలక. పైన ఒక అంకె, కింద ఒక అంకె.

9/11. 9/12.

డిసెంబరు, అనుకుంది నిద్రమత్తులో. ఎవరు పోయారో పాపం.

9/13. 9/14. 9/15. 9/16.

ఆమె నిటారుగా కూర్చుంది. మత్తు దిగిపోయింది. తర్వాతి స్తంభం మీద 9/17 ఉంది. ఎదురుగా కూర్చున్న కాలేజీ కుర్రవాణ్ని ఆ అంకెలేమిటని అడిగింది. పైది కిలోమీటరు, కిందది ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభమో అది అని వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. వాడికి అది ఒక ముక్క సమాధానం. రైలు ఆగాక ఆమె అందరికంటే చివర దిగింది.

తిరుమల మామగారు కోటయ్య పాత గ్యాంగు మనిషే. ఎనభై నాలుగేళ్లు. ఎన్నోసార్లు ఆ ఇంటికి వెళ్లినా ఆయన్ని పలకరించడమే గాని తండ్రి సంగతి అడగాలని ఆమెకి తోచలేదు. తెలిసిన సంగతిని ఎవరైనా ఎందుకు అడుగుతారు? ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, వీధి చివర కనిపించే కృష్ణని చూస్తూ కూర్చున్నాడు. ఆమె రొయ్యల సంచి కింద పెట్టి ఆయన కాళ్ల దగ్గర చతికిలబడింది.

"బాబాయ్, శ్మశానంలో పట్టాల మీద మీరు కొట్టిన అంకెలు తేదీలా?"

"తేదీలేంటమ్మా," అన్నాడు కోటయ్య. "మాలో ఎవడికి తెలుసు తేదీలు? మాకొచ్చిన చదువల్లా తంతిస్తంభాల మీద అంకెలే. ఎక్కడ పట్టా ఇరిగినా, ఎక్కడ గట్టు కోసుకుపోయినా ఫలానా స్తంభం కాడ అని చెప్పాలిగా. మనిషి పోయినా అంతే. ఎక్కడ పడ్డాడో ఆ స్తంభం నెంబరేసేవాళ్లం. ఆ మనిషికి అదే అడ్రసు. తర్వాత ఆ స్తంభాలు పీకేశారు. ఇప్పుడున్నయ్యి వేరే, లెక్కా వేరే."

"మరి మా నాన్న?"

"కొండలయ్యా? ఇరవై ఒకటీ పదహారు కాడ పోయాడు. అన్నం తిని తుమ్మచెట్టు కింద నడుం వాల్చాడు. పాము కొట్టింది. ఆ ముక్క నేనే పాతాను. కాలవ పక్కన, వరస మొదట్లో."

ఆ వరస. తను కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన వరస.

"ఇరవై మూడూ ఏడు ఎవరు బాబాయ్?"

కోటయ్య కళ్లు మూసుకుని, మనసులోనే ఆ లైను వెంట నడుస్తున్నట్టు వేలితో కుర్చీ చెయ్యి మీద తట్టుకుంటూ వెళ్లాడు. "తూము దాటాక. ఆ. ఎవరో రైల్లోంచి జారిపడ్డాడమ్మా. ఏ ఊరో ఏమో, ఎవరూ వెతుక్కుంటూ రాలా. మేమే పూడ్చాం. మెళ్లో తులసి పూసలుండేయి. నీసు ముట్టని మనిషి అనుకుంటా."

"అమ్మా నేనూ కలిసి యాభై మూడేళ్లు చేపల పులుసు పెట్టాం బాబాయ్ ఆయనకి," అంది ఆమె. "సాయంత్రానికి విస్తరి ఖాళీగా ఉండేది."

"అందుకే అన్నారు, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ ఏమయ్యాయని." కోటయ్య పళ్లు లేని నోటితో నవ్వి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మీ నాన్నకి తొందరమ్మా. మీ అమ్మ పుట్టింటికి ఎళ్లిన కాణ్ణించీ డ్యూటీ దిగ్గానే స్టేషనుకి పోయేవాడు. టెలిగ్రాం వచ్చిందాండి, మావాళ్ల కాడ్నించి టెలిగ్రాం వచ్చిందాండి అని స్టేషను మాస్టర్ని పీక్కుతినేవాడు. ఇంకా రెండు నెలలుందిరా అంటే వినేవాడు కాదు. తల్లీ బిడ్డా క్షేమం అన్న నాలుగు మాటలు చదివించుకోవాలని పిచ్చి. ఆ పొద్దు కూడా అడిగొచ్చే పనిలోకి దిగాడు."

కన్నీళ్లు అప్పుడు వచ్చాయి ఆమెకి. తిరుమల మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. వెళ్లేటప్పుడు కోటయ్య తను చెప్పినదీ, గుర్తున్న మిగతా సమాధుల సంగతీ కోడలి చేత కాగితం మీద రాయించి, కింద వేలిముద్ర వేసిచ్చాడు. ఆఫీసువాళ్లు మాటలు నమ్మరని ఆయనకి తెలుసు.

తిరుగు రైల్లో ఆమె స్తంభాల వైపు చూడలేదు. చూడకపోయినా కళ్ల ముందు పాత లైను పరుచుకుంది. ఒక్కో స్తంభం కాడా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గొడ్డలి భుజాన వేసుకుని ఒకడు, చుట్ట వెలిగించుకుంటూ ఒకడు, తల మీద గోనె కప్పుకుని ఒకడు. తూము దగ్గర తులసి పూసల మనిషి ముక్కు మూసుకుని నిలబడ్డాడు. తుమ్మచెట్టు కింద పడుకున్న మనిషి ముఖం మాత్రం కనిపించలేదు, తలపాగా కళ్ల మీదికి లాక్కున్నాడు. ఊరంతా శ్మశానం అనుకున్నది నిజానికి రైలు దారి. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

ఇంటికి చేరేసరికి ఆ కల కరిగిపోయి లెక్క మిగిలింది. సమాధులు మూడు, ఇంట్లో కార్డులు రెండే. రాంబాబు కార్డు మీద అమ్మ. తన కార్డు మీద యాభై మూడేళ్లు నాన్నా అని పిలిచిన మనిషా, ఒక్కసారీ పిలవని నాన్నా? ఎవరిని వదిలితే వాళ్లు గుంటలోకి. నాన్నని వదలడం పాపం. ఇన్నేళ్లూ తన ఏడుపులన్నీ విన్న మనిషిని, మీరు మావాళ్లు కారటండీ అని గుంటలోకి తోసెయ్యడం అంతకంటే తక్కువ పాపమా? రెండు రాత్రులు ఆమెకి నిద్ర పట్టలేదు.

మూడో రోజు శౌరమ్మ షెడ్డు దగ్గరికి వచ్చి కూర్చుంది. శౌరమ్మకి డెబ్బై దాటాయి. తను ఏనాడూ చూడని మామగారికి 19/4 దగ్గర ఏటా ఏప్రిల్ పంతొమ్మిదిన కొవ్వొత్తి వెలిగిస్తుంది. నాగమల్లేశ్వరి సంగతంతా ఆమెకి చెప్పింది. కోటయ్య చెప్పినదాని ప్రకారం 19/4 శౌరమ్మ మామగారిదే, గేటు దగ్గర పోయాడు, అయితే పోయింది కార్తీకమాసం చలిలో.

"నీకు మనిషి సరే, తేదీ తప్పక్కా. నాకు తేదీ సరే, మనిషి తప్పు."

శౌరమ్మ ఏమీ కంగారుపడలేదు. "ఎండకి కొవ్వొత్తి వెలిగించకముందే వంగిపోయేది. ఈ ముసలాయన ఇంత ఎండలో ఎందుకు చచ్చాడా అని తిట్టుకునేదాన్ని," అంది. తర్వాత, "నా కార్డు ఆయనకి ఇచ్చేశాను, లేకపోతే నీకిచ్చేదాన్ని. మాస్టారినడుగు. ఆయనకి ఇక్కడ ఎవరూ లేరుగా," అంది.

మాస్టారి వాళ్లలో దహనమే. ఆయన తల్లిదండ్రులు గుడివాడలో పోయారు, భార్య అస్థికలు సంగమంలో కలిపాడు. దోసలంక మట్టిలో ఆయనకి ఒక్క మనిషీ లేడు. నాగమల్లేశ్వరి వెళ్లేసరికి నోటుబుక్కుల మధ్య కూర్చుని ఉన్నాడు. కోటయ్య కాగితం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పన్నెండేళ్లుగా రాస్తున్నానమ్మా. తేదీలతో ఒక అధ్యాయమే రాశాను. ఏ నెలలో ఎక్కువమంది పోయారు, అంటువ్యాధులు ఎప్పుడొచ్చాయి, అంటూ." ఆయన గొంతులో సిగ్గు ఉంది. "జూలైలో ఎక్కువని తేల్చాను. అది ఏడో స్తంభం."

"అది తర్వాత కొట్టేద్దురుగాని మాస్టారూ. ముందు నాకో సాయం చెయ్యాలి. ఆ తులసి పూసలాయన మీ దారి మనిషే, మీలాగే నీసు ముట్టడు. మీ కార్డు మీద ఆయన్ని తీసుకోండి."

మాస్టారు సొరుగు తీసి పాత కాగితాలు బయటపెట్టి, ఆమె కాగితంలో 23/7 కొట్టేసి 21/16 రాశాడు. కొత్త కాగితం తీసి తన పేరు రాసుకున్నాడు. బంధుత్వం అన్న గడి దగ్గర కలం ఆగింది.

"ఇక్కడ ఏం రాయను?"

"తెలిసినాయన అని రాయండి. ఏం తెలుసని అడిగితే నన్ను పిలవండి, నేను చెబుతాను."

ఆయన అలాగే రాశాడు. కొత్త చోట ఎవరి పక్కన ఎవరో కూడా రాయాలన్నప్పుడు ఆమె కాసేపు ఆలోచించింది. అమ్మానాన్నలు పక్కపక్కన. ఆ పెద్దాయన అదే వరసలో, అటు చివర. "ఇరవై ఏళ్లు అమ్మ పక్కనున్నాడు, ఒక్కసారిగా దూరం పెడితే బాగోదు. మరీ దగ్గరగా ఉంటే నాన్న ఊరుకోడు," అంది. మాస్టారు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

జూలై ఇరవై మూడు వచ్చింది. పాత శ్మశానంలో అదే ఆఖరిది. పొద్దున వాన వెలిసి కాలవ మీద పొగలా తెల్లగా ఉంది. కొంగలు గట్టు మీద కదలకుండా నిలబడ్డాయి. నాగమల్లేశ్వరి రెండు గిన్నెలు తెచ్చింది. ముందు 23/7 దగ్గరికి వెళ్లి పప్పు, గోంగూర పచ్చడి వడ్డించి, "ఇన్నాళ్లూ నీసు పెట్టినందుకు ఏమనుకోకండి, తెలియక చేశాను," అంది. ఆయన్ని అండీ అని పిలవడం అదే మొదటిసారి. తల్లి సమాధి మీద పూలు పెట్టి, ఇంకొక్క వారం ఓపిక పట్టమ్మా అని చెప్పింది.

తర్వాత కాలవగట్టు వైపు నడిచింది. ఆ వరసలోకి కాలిబాట కూడా లేదు. గడ్డి పక్కకి తొక్కుకుంటూ వెళ్లి, 21/16 చుట్టూ కలుపు పీకి, పట్టా ముక్కని కొంగుతో తుడిచింది. విస్తరి పరిచి, అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది. దీపం వెలిగించింది. అన్నీ అయ్యాక ఎదురుగా కూర్చుంది.

ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పాల్సినవన్నీ ఎప్పుడో చెప్పేసింది, ఆ పక్కనున్న ఆయనకి. రాంబాబు ఆటోకి ఇంజను బాగుచేయించాడని మొదలుపెడదామనుకుంది. రాంబాబు ఎవరో ఈయనకి తెలియదు. తన పెళ్లి తెలియదు. అసలు తనే తెలియదు. ఆయన యాభై మూడేళ్లుగా ఇంకా స్టేషను మాస్టరుని అడుగుతూనే ఉన్నాడు.

విజయవాడ వైపు నుంచి పాసింజరు వస్తోంది. ఇంకా కనిపించడం లేదు గాని ఆమె చెయ్యి ఆనించిన పట్టా ముక్క సన్నగా వణికింది. నాగమల్లేశ్వరి వంగి, దానికి ఆనించినంత దగ్గరగా నోరు పెట్టింది.

"నాన్నా," అంది. "తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల. నాగమల్లేశ్వరి అని పేరు పెట్టారు."